మూడు సెకన్లలో రివర్సు

ఆ రోజుల్లో మా సాలూరులో లారీ ముందుకు వెళ్ళడానికి డ్రైవరు ఒక్కడు చాలు. వెనక్కి వెళ్ళాలంటే మాత్రం ఇద్దరు కావాలి. స్టీరింగు దగ్గర ఒకడు, వెనక నిలబడి రేకు మీద చరుస్తూ "రానీ... రానీ... లెఫ్టు కొట్టు... హోల్డాన్" అని అరిచే క్లీనరు ఇంకొకడు. ఈ అరుపుకి ఒక కట్టుబాటు ఉంది. చుట్టూ ఎంతమంది ఉన్నా ఒక్క గొంతే పలకాలి. డ్రైవరు తన క్లీనరు మాట తప్ప ఇంకెవరి మాటా వినకూడదు. ఇద్దరు పిలిస్తే లారీ గోడకి వెళ్తుంది, ముగ్గురు పిలిస్తే గోడ అవతలికి వెళ్తుంది. ఈ సంగతి మా ఊళ్ళో ఉగ్గు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా ఇరవై రెండేళ్ళ వయసులో నేను చేసిన నిర్వాకం ఒకటి ఉంది. ఇప్పుడు నవ్వొస్తోంది కాబట్టి చెబుతున్నాను. నవ్వు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను అప్పుడు మావ గారి లారీ కాటా దగ్గర తూకాలు రాసేవాడిని. మావ అంటే మా అమ్మకి వేలువిడిచిన తమ్ముడు, తొమ్మిది లారీల ఆసామి. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది కానీ లెక్కల పిచ్చి ఆగలేదు. అట్ట ఊడిపోయిన ఒక గైడు దొరికితే సగటులు, శాతాలు నాకు నేనే నేర్చుకున్నాను. ఇంటి నుంచి కాటాకి నాలుగువందల పన్నెండు అడుగులు. (వానాకాలంలో నాలుగువందల ముప్ఫై, గుంటలు తప్పుకోవాలి కదా.) కనిపించినదల్లా లెక్కపెట్టి ఒక రూళ్ళ నోటుబుక్కులో గళ్ళు గీసి రాయడం నాకు ఊపిరి తీసుకోవడంలాంటిది. ఊపిరి కూడా లెక్కపెట్టాను, కానీ అది రాయలేదు.

ఈ మావకి ఎవరో విశాఖపట్నం స్నేహితుడు బాస్కెట్‌బాల్ పిచ్చి ఎక్కించాడు. చుట్టుపక్కల పట్టణాల వాళ్ళు ఎనిమిది జట్లు కట్టి, ఆటగాళ్ళకి నెల జీతాలిచ్చి ఆడిస్తున్నారని విని, మావ కూడా ఒక జట్టు పెట్టేశాడు. లారీలు నిలిపే యార్డులో సిమెంటు పోయించి, రెండు చివరలా ఇనప రింగులు బిగించాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారిని కోచ్‌గా తెచ్చాడు. ఆటగాళ్ళలో నలుగురైదుగురు కాలేజీల్లో ఆడినవాళ్ళు. మిగిలినవాళ్ళు మా సరుకు, అంటే కాస్త పొడుగ్గా ఉండి లారీల చుట్టూ తిరిగేవాళ్ళు. స్కోరు రాయడానికి మనిషి కావాలంటే మావ నా వైపు చూశాడు.

"ఒరే, నువ్వు ఎలాగూ ఏదోటి లెక్కెడుతుంటావు కదా, ఇది లెక్కెట్టు" అన్నాడు. నా ఆట జీవితం అలా మొదలైంది.

జట్టులో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకడు మా బావ, అంటే మా అక్క మొగుడు. మావ లారీ మీద ఆరేళ్ళు క్లీనరుగా చేసి ఆటలోకి వచ్చాడు. పొట్టివాడు, బంతిని తీసుకొచ్చి పంచిపెట్టే పని. అతని గొంతు ఎలాంటిదంటే, యార్డులో పలికితే గుడి మెట్ల దగ్గర పావురాలు లేచేవి. రెండోవాడు ట్రైలరు. అసలు పేరు వేరు, ఎవరూ వాడగా వినలేదు. ఆరడుగుల మూడంగుళాలు. (నేనే గోడకి ఆనించి కొలిచాను. మాస్టారు ఊరందరికీ చెప్పుకున్న కొలతకన్నా ఒక అంగుళం తక్కువ వచ్చింది. ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు.) బస్తాలు ఎత్తే హమాలీ. పొడుగూ ఉంది, బలమూ ఉంది, తిరగాలంటే మాత్రం పేరుకి తగ్గట్టే చాలా చోటు, చాలాసేపు కావాలి.

మొదటి ఏడాది పద్నాలుగు ఆటలాడి రెండు గెలిచాం. అందులో ఒకటి అవతలి జట్టు బస్సు చెడిపోయి రాకపోతే వచ్చింది. మా ఓటములకి పెద్ద కారణం ట్రైలరేనని నా పుస్తకం చెప్పింది. బాస్కెట్‌బాల్‌లో ఒక నియమం ఉంది. రింగు కింద రంగు వేసిన చోట, మనవాళ్ళ చేతిలో బంతి ఉండగా మూడు సెకన్లకి మించి నిలబడకూడదు. నిలబడితే ఈల వేసి బంతి అవతలివాళ్ళకి ఇచ్చేస్తారు. మనవాడు రింగుకి వీపు పెట్టి బంతి అందుకునేవాడు, భుజం మీంచి వెనక్కి ఒకసారి చూసేవాడు, రెండోసారి చూసేవాడు, మూడోసారి చూసేలోపు ఈల పడేది. మాస్టారిచ్చిన గడియారంతో కొలిస్తే సగటున నాలుగు సెకన్ల పైచిలుకు.

"ఎనకాల ఏటున్నాదో తెలీకుండా ఎనక్కెలా ఎల్తాను బాబూ? బస్తా మోసినోడికి ముందు సూపే గాని ఎనక సూపు ఉండదు" అనేవాడు పాపం.

రెండో ఏడాది మొదట్లో, ఒక సాయంత్రం ప్రాక్టీసులో ట్రైలరు అలాగే మెడ తిప్పి తిప్పి చూస్తుంటే బావకి విసుగొచ్చింది. రెండు చేతులూ టపటపా చరిచి, పాత అలవాటున ఒక్క కేక పెట్టాడు. "రానీ... రానీ... రైటు కొట్టు... హోల్డాన్."

ట్రైలరు వెనక్కి చూడలేదు. వీపుతో వెనక్కి నడిచాడు, కుడికి ఒరిగాడు, ఆగాడు, తిరిగి బంతి వేశాడు. రింగులో పడింది. నా చేతిలో గడియారం రెండున్నర సెకన్లు చూపిస్తోంది.

"మళ్ళీ చెయ్యండి" అన్నారు మాస్టారు మెల్లగా, కదిలితే ఎగిరిపోయే పిట్టని చూస్తున్నట్టు.

ఇరవై సార్లు చేయించారు. పద్నాలుగు పడ్డాయి. ట్రైలరు చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "ఎనకాల మనిసి ఉన్నాడంటే ఏటి భయం బాబూ, కళ్ళు మూసుకునైనా ఎల్లిపోతాను."

ఆ ఏడాది మా జట్టు జట్టులా ఆడింది. బావ బంతి ఇవ్వడం, "రానీ రానీ" అనడం, ట్రైలరు అవతలివాడిని వీపుతో నెట్టుకుంటూ గోడౌనులోకి లారీ వెళ్ళినట్టు రింగు కిందకి వెళ్ళడం. రెఫరీలు ఆ కేకలేమిటని అడిగితే మాస్టారు నన్ను ముందుకు తోసేవారు. నేను నియమాల పుస్తకం రెండుసార్లు చదివాను. ఆటగాడు ఆటగాడితో మాట్లాడకూడదని ఎక్కడా లేదు. పద్నాలుగు ఆటల్లో ఎనిమిది గెలిచాం. ఎనిమిది జట్లలో అడుగున ఉన్నవాళ్ళం నాలుగో స్థానానికొచ్చి, మొదటిసారి నాకౌటుకి వెళ్ళాం. అయిదో స్థానం జట్టుతో ఆట. నాకౌటు ఆటలన్నీ విజయనగరంలోనే.

ఆ వార్త విని మావ సంతోషించాడు. సంతోషిస్తూనే ఒక మాట అన్నాడు. "బాగున్నాది. కానీ బళ్ళు పెరిగిపోనాయి. ఎండకీ వానకీ రోడ్డు మీద నిలబడతన్నాయి, యార్డేమో మీరు గెంతులెయ్యడానికి ఉన్నాది. ఈ నాకౌటు గెలిస్తే వచ్చే ఏడు కూడా టీము ఉంటాది. లేదంటే యార్డు బళ్ళకిచ్చీస్తాను."

కోపంగా అనలేదు. మావ తేల్చిన మాటలు ఎప్పుడూ మెల్లగానే అంటాడు, అందుకే మాకు భయం.

మర్నాడు మధ్యాహ్నం ట్రైలరు కాటా దగ్గరకి వచ్చాడు. ఏం తోచక లారీ కాటా పళ్ళెం మీద ఎక్కి నిలబడ్డాడు. టన్నులు తూచే కాటా కదా, ఒక మనిషికి ముల్లు కదిలీ కదలనట్టు కదిలి ఊరుకుంది.

"మళ్ళీ బస్తాల కిందకేనా బాబూ? నడుం ఒప్పుకోదు ఇంక" అన్నాడు. పళ్ళెం దిగుతూ, "నీ బుక్కు ఏటంటాది? గెలుస్తామా?" అన్నాడు.

ఆ పుస్తకాన్ని అంత నమ్మకంగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. సాయంత్రం దాకా తిరగేశాను. ఎండగా ఉన్న రోజులు, మబ్బు రోజులు, ముందు ఎవరు స్కోరు చేశారు, ఎవరేం తిని వచ్చారు, అన్నీ గళ్ళలో వేసి చూశాను. చివరికి ఒకచోట నా పెన్సిలు ఆగింది. జనం వంద దాటిన ఆటలు ఏడు, వాటిలో గెలిచినవి ఆరు. వంద దాటనివి ఏడు, గెలిచినవి రెండు. (జనాన్ని నేనే లెక్కపెట్టేవాడిని, విరామంలో, తల తలా.) జనం ఎక్కువైతే గెలుస్తాం. విజయనగరంలో మనకి జనం ఉండరు. కాబట్టి జనాన్ని తీసుకెళ్ళాలి. జనం వంద దాటిన ఆ ఏడు ఆటలూ మా యార్డులో ఆడినవేనన్న సంగతి నా పుస్తకంలోనే పక్క గడిలో ఉంది. నేను ఆ గడి వైపు చూడలేదు.

మావ దగ్గరకి పరిగెత్తాను. ఒక్క రోజు బళ్ళన్నీ ఆపించి, డ్రైవర్లనీ క్లీనర్లనీ విజయనగరం తీసుకెళ్ళాలన్నాను.

"బళ్ళు ఆపీమంటావేట్రా?" అన్నాడు మావ.

"లెక్క సూపిస్తాను మావా, సూడు" అని పుస్తకం విప్పాను. మావ ఆ గళ్ళ వైపు కాసేపు చూసి, వాటికన్నా ఎక్కువసేపు నా మొహం వైపు చూసి, సరేనన్నాడు. తను ఆపితే మిగతా ఓనర్లు కూడా ఆపారు. బావ మాత్రం మొహం చిట్లించాడు.

"ఒరే బామ్మర్దీ, డ్రైవర్లెందుకురా? కాలేజీ పిల్లల్ని తోలు, సప్పట్లు కొట్టి ఊరుకుంటారు."

"తల ఏదైనా తలే కదా బావా" అన్నాను. ఆ మాట నా చేత ఎవరనిపించారో ఇప్పటికీ తెలీదు.

అయిదు బస్సులు మాట్లాడాం. (లారీల ఊరి నుంచి బస్సుల్లో వెళ్ళడమేమిటని కొందరు నామోషీ పడ్డారు.) మా యార్డులో ఆటలైనప్పుడల్లా ఈ డ్రైవర్లు, క్లీనర్లు రోడ్ల మీద ఉండేవాళ్ళు. మా ఆటలకొచ్చిన జనమంతా కొట్లవాళ్ళు, మేడల మీది ఆడవాళ్ళు, విద్యార్థులు. వీళ్ళెవరూ ట్రైలరు ఆడగా చూడలేదు, దాబాల దగ్గర కథ విన్నారంతే. బొబ్బిలి దగ్గర టీకి ఆగితే ఒక ముసలి డ్రైవరు గ్లాసు పట్టుకుని నా దగ్గరకొచ్చి, "మన ఇద్యతోనే గెలిసీస్తన్నారంట కదా బాబూ" అన్నాడు. ఆయన కళ్ళలో వెలుగు చూసి నా గుండె పొంగింది. విజయనగరంలో దిగుతుంటే తలలు లెక్కపెట్టాను. రెండువందల పన్నెండు. కింద గీత గీసి రాసుకున్నాను. తలలు లెక్కపెట్టాను కానీ గొంతులు లెక్కపెట్టలేదు.

ఆట మొదలైంది. బావ బంతి తెచ్చి ట్రైలరుకిచ్చి, "రానీ" అన్నాడు. వెంటనే రెండువందల పన్నెండు మంది "రానీ" అన్నారు.

చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ అక్కడ కూర్చున్నవాడికి తెలుస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బళ్ళని వెనక్కి పిలిచినవాళ్ళు వాళ్ళంతా. ఒక మనిషి వీపు పెట్టి వెనక్కి వస్తుంటే ఊరుకోమంటే వాళ్ళ వల్ల అవుతుందా? "లెఫ్టు కొట్టు" అని కోర్టుకి ఈ పక్క మెట్ల గట్టు మీదివాళ్ళు, "లెఫ్టు కాదెహె, రైటు రైటు" అని ఆ గట్టు మీదివాళ్ళు. (ఎదురెదురుగా కూర్చున్నారు కాబట్టి వీళ్ళ కుడి వాళ్ళకి ఎడమ.) "ఇంకా రానీ, సోటున్నాది" అని ఒకడు, "హోల్డాన్, హోల్డాన్, తగిలీస్తాది" అని ఇంకొకడు. ఒకాయన లేచి తన ముందున్న రేకు గోడ మీద అలవాటుగా చరవడం మొదలుపెట్టాడు. ఇందులో బావ గొంతు ఎక్కడుందో ఆ దేవుడికే తెలియాలి. ట్రైలరు అందరి మాటా వినే మనిషి. ఒక అడుగు వెనక్కి, అరడుగు ఎడమకి, అరడుగు కుడికి, మళ్ళీ ముందుకి. ఈల. మళ్ళీ అదే, మళ్ళీ ఈల. సగం ఆట అయ్యేసరికి మూడు సెకన్ల ఈలలు తొమ్మిది రాసుకున్నాను. పద్నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం.

విరామంలో బావ నా దగ్గరకొచ్చాడు. "తల ఏదైనా తలేనా?" అన్నాడు. అక్క మొగుడు కాకపోతే కొట్టేవాడు.

నేను మావ దగ్గరకెళ్ళి, "మావా, ఈళ్ళ నోళ్ళు ముయ్యించాలి" అన్నాను. మావ లేచి పంచె సర్దుకుని, రెండు గట్ల మధ్యా నిలబడ్డాడు.

"ఇప్పుడుకాణ్ణుంచి ఎవడైనా నోరు తెరిసాడంటే, ఆడికి వచ్చే నెలంతా లోడు ఉండదు."

రెండువందల పన్నెండు నోళ్ళు మూతపడ్డాయి. కొందరు జాగ్రత్త కోసం తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. రెండో సగం అంతా ఆ నిశ్శబ్దంలో బావ గొంతు ఒక్కటే గంటలా మోగింది. ట్రైలరు మా ట్రైలరయ్యాడు. పద్నాలుగు పన్నెండైంది, ఎనిమిదైంది, మూడైంది. రెండువందల పన్నెండు మంది ఊపిరి బిగబట్టి తొడలు చరుచుకుంటున్నారు, చప్పుడు రాకుండా.

ఇంకా నిమిషం ఉందనగా బావ అయిదో తప్పు చేశాడు. అయిదు చేస్తే బయటికి పంపేస్తారు. ఆట పరిభాషలో చిన్న సంగతే. రెఫరీ బావ నోరు కూడా కట్టేశాడు. బెంచీ మీంచి ఇంకొక్క మాట వినిపిస్తే జట్టుకి శిక్ష వేస్తానన్నాడు. పావురాలు లేపిన గొంతు అలా మూగబోయింది.

అరవై ఒకటి, అరవై రెండు. ఒక్క పాయింటు వెనక. తొమ్మిది సెకన్లు. కాలేజీ కుర్రాడొకడు భయపడి బంతిని ట్రైలరుకిచ్చేశాడు. ట్రైలరు రింగుకి వీపు పెట్టి బంతి పట్టుకున్నాడు. ఎవరైనా పిలుస్తారని ఎదురుచూశాడు. గట్ల మీద ఒక్క పెదవి కదల్లేదు. అతని కళ్ళు వెతుక్కుంటూ వచ్చి, స్కోరు బల్ల దగ్గర నా మీద ఆగాయి.

నాకు అన్నీ తెలుసు. రింగు ఎంత దూరమో తెలుసు, వెనకున్నవాడు ఎడమ పక్కకి ఒరిగి ఉన్నాడని కనిపిస్తూనే ఉంది. "రానీ, రైటు కొట్టు, హోల్డాన్" అంటే చాలు. బల్ల దగ్గర కూర్చున్నవాడు పలకకూడదు, నిజమే, కానీ ఆ క్షణంలో నాకు ఆ నియమం గుర్తు లేదు. నోరు తెరిచాను. రెండేళ్ళుగా గడియారం పట్టుకుని అతన్ని చూసినప్పుడల్లా నా నోటికి ఏది అలవాటైందో అదే వచ్చింది.

"ఒకటి" అన్నాను. "రెండు" అన్నాను. "మూడు" అన్నాను.

ఈల పడింది.

తిరుగు ప్రయాణంలో అయిదు బస్సుల్లో ఎవరూ మాట్లాడలేదు. మావ లోడు మాట ఇంకా అమల్లో ఉందనుకున్నారో ఏమో. మూడో రోజున రింగులు విప్పేశారు, యార్డులోకి లారీలొచ్చాయి. మొదటి లారీని బావే వెనక్కి పిలిచాడు. నేను కాటా గదిలో కూర్చుని నోటుబుక్కు విప్పలేదు. అన్నం తినకుండా అన్ని రోజులు గడిపానంటే మా అమ్మ నమ్ముతుంది కానీ, ఏదీ లెక్కపెట్టకుండా పదకొండు రోజులు గడిపానంటే ఎవరూ నమ్మరు. (పదకొండని ఎలా తెలుసంటే, అడక్కండి.)

ట్రైలరు మాత్రం బస్తాల కిందకి వెళ్ళలేదు. "ఎనక్కి సూడకుండా ఎనక్కెల్లడం వచ్చినోడికి స్టీరింగు ఎంతసేపురా" అని బావ అతన్ని లారీ ఎక్కించాడు. ఏడాదిలో డ్రైవరయ్యాడు. సాలూరులో ఇరుకు సందులోకి బండి పెట్టాలంటే అతన్నే పిలిచేవారు. ఇప్పుడు సొంత లారీ.

నేనింకా కాటా దగ్గరే ఉన్నాను. ముల్లు పోయి తెర వచ్చింది, అంకెలు అవే వస్తాయి, నేను పక్కన పుస్తకంలో ఒకసారి రాసుకుంటాను. చాలా ఏళ్ళకి ఒకరోజు టీ తాగుతూ ట్రైలరుతో అనేశాను, "ఆ రోజు నేను పిలిసుంటే గెలిసేవోళ్ళం కదా" అని.

అతను గ్లాసులోకి ఊదుకుంటూ ఆలోచించాడు. "నువ్వు పిలిస్తే లెఫ్టూ రైటూ తప్పు సెప్పేవోడివి బాబూ. లెక్కెట్టడం మాత్రం కరెక్టుగా లెక్కెట్టావు. మూడే అయినాయి." తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. "గానీ సూడు, అంతమంది నా ఎనకాల ఉండడం మళ్ళీ ఎప్పుడూ అవ్వలేదు. ఎదవలు, అందరూ నన్నే పిలిసినారు."

అతని లారీకి ఇప్పుడు వెనక కెమెరా ఉంది. దగ్గరైతే దానంతటదే కూస్తుంది. అయినా నా కాటా మీదకి బండి వెనక్కి పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆగి, తల బయటపెట్టి, "పిలవ్వేటి బాబూ" అంటాడు. నేను కళ్ళజోడు బల్ల మీద పెట్టి, లేచి వెళ్ళి, లారీ వెనక నిలబడి, రేకు మీద చరుస్తాను. "రానీ... రానీ... రైటు కొట్టు..." బండి మెల్లగా, చాలా మెల్లగా వస్తుంది. మూడు సెకన్లు దాటుతాయి, ముప్ఫై దాటుతాయి, ఎవరూ ఈల వెయ్యరు. "హోల్డాన్" అంటాను, ఆగుతుంది.

ఎన్ని సెకన్లు పట్టిందో నేను పైకి చెప్పను.